మీదికి వచ్చేవాడు, చేతికి చిక్కినవాడు
(ప్రసంగ పాఠం)



భగవద్గీత మొదటి అధ్యాయాన్ని పారాయణ చేసేవారికి ‘ఆతతాయి’ అనే పదం పరిచితమే. ఎదుట నిలిచినవారు ఆతతాయులే అయినా, వారిని చంపితే తమకు పాపమే కలుగుతుందని అర్జునుడు వాపోయాడు. నిప్పు పెట్టేవాడు, విషం పెట్టేవాడు, ఆయుధంతో చంపవచ్చేవాడు, ధనాన్ని, భూమిని, భార్యను అపహరించేవాడు, ఈ ఆరుగురినీ స్మృతికారులు ఆతతాయులన్నారు. ఈ పదానికి నేడొక విపరీతార్థం ప్రబలుతున్నది. జాతరలో జేబుదొంగ పట్టుబడితే, చేతులు కట్టివేసి పదిమందీ కొడతారు. ఇదేమని ప్రశ్నిస్తే, ఆతతాయిని దండించడంలో దోషం లేదని మనువే చెప్పాడంటారు.

మనువు ఏమన్నాడు? గురువైనా, బాలుడైనా, వృద్ధుడైనా, బహుశ్రుతుడైన బ్రాహ్మణుడైనా ఆతతాయియై మీదికి వస్తూ ఉంటే సంశయించక చంపవచ్చునని ఎనిమిదవ అధ్యాయంలో ఉన్నది. ‘చంపవచ్చును’ అన్న మాటను అందరూ పట్టుకుంటారు. నా మట్టుకు నాకు ఆ శ్లోకానికి ప్రాణం ‘వస్తూ ఉన్న’ అనే విశేషణమే అనిపిస్తుంది. ఆ అనుమతి అతడు చేసిన పనికి ప్రతీకారంగా ఇచ్చినది కాదు, చేయబోతున్న పనిని ఆపడానికి ఇచ్చినది.

ఆ వరుసలో బాలుణ్ణి చేర్చడం గమనించండి. పసివానికి పాపపుణ్య వివేకం ఎక్కడిది? బాల్యంలో తెలియక చేసిన పనికి తనను కొరత వేయించినందుకు మాండవ్య మహర్షి సాక్షాత్తు యమధర్మరాజునే శపించాడు. పద్నాలుగేళ్ళలోపు చేసినది పాపం కాదని కట్టడి చేశాడు. ఈ కథ మహాభారతం ఆదిపర్వంలో ఉన్నది. పాపమే అంటని బాలుడు కత్తి ఎత్తి వస్తే మాత్రం అడ్డుకొనక తప్పదు. అంటే అడ్డుకోవడం వేరు, దోషిగా నిర్ణయించడం వేరు.

నేటి చట్టమూ ఈ భేదాన్ని పాటించింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 96 నుండి 106 వరకు గల ఆత్మరక్షణ సెక్షన్లు, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు ఉన్నాయి. అందులో రెండు ఉదాహరణలు ఎంతో ఆలోచింపజేస్తాయి. మతిస్థిమితం లేనివాడు చంపవస్తే అతనిది నేరం కాదు. అయినా ఎదుటివానికి ఆత్మరక్షణ హక్కు పూర్తిగా ఉన్నది. రెండవది ఇంకా విచిత్రమైనది. తాను ప్రవేశించే హక్కున్న ఇంటిలోనికే ఒకడు రాత్రివేళ వెళతాడు. లోపలివాడు దొంగ అనుకొని, సద్భావంతోనే మీద పడతాడు. అతనిదీ నేరం కాదు. లోపలికి వచ్చినవాడు తన ప్రాణం కాపాడుకోవడమూ నేరం కాదు. ఆ చీకటిలో ఇద్దరు పెనుగులాడుతున్నారు, దోషి మాత్రం లేడు!

అయితే ఆ హక్కు భయానికి సహేతుకమైన కారణం కలిగినప్పుడు మొదలై, ఆ భయం తొలగగానే ముగుస్తుంది. రక్షణకు అవసరమైనంత హానియే చేయవలెను గాని అంతకు మించి కాదు. అధికారుల రక్షణ కోరే వ్యవధి ఉన్నచోట ఆ హక్కే లేదు. జేబుదొంగ పరుగెడుతుంటే పట్టుకోవడం సరే. కష్టార్జితం పోగొట్టుకున్న యాత్రికుని కోపమూ సహజమే. కాని చేతులు కట్టిన తరువాత అతడు ‘వస్తూ ఉన్నవాడు’ కాడు. ఆ తరువాత పడే ప్రతి దెబ్బా, ఏ న్యాయాధికారీ విధించని శిక్ష. తన కళ్ళెదుట బెయిలుకు వీలులేని తీవ్రనేరం చేసినవానిని పౌరుడు పట్టుకొనవచ్చునని నాగరిక సురక్షా సంహిత అంగీకరించింది. ఆరు గంటలలోపల అప్పగించమని కూడా చెప్పింది.

భాగవత ప్రథమస్కంధంలో ఈ ఘట్టమే ఉన్నది. నిద్రలోనున్న ఉపపాండవులను వధించిన అశ్వత్థామను అర్జునుడు త్రాళ్ళతో బంధించి ద్రౌపది ముందుకు తెచ్చాడు. ఆ రాత్రి శిబిరంలో ఎవరైనా మేలుకొని అతణ్ణి అక్కడే నరికి ఉంటే ఎవరూ తప్పుపట్టరు. ఇప్పుడు అతడు బద్ధుడు. అతని తల్లి కృపి కూడా తనవలె ఏడ్వరాదన్నది ద్రౌపది. భీముడు చంపబోయాడు, ఆమె అడ్డుపడింది. కృష్ణుడు చతుర్భుజుడై రెండు చేతులతో భీముణ్ణి వారించి, తక్కిన రెండు చేతులతో ద్రౌపదిని తప్పించాడని పోతన వర్ణించాడు. బ్రాహ్మణాధముడైనా చంపరాదు, ఆతతాయి వధార్హుడు, ఈ రెండూ తన శాసనాలేనని స్వామి అర్జునునితో అన్నాడు. ఎంత కఠినమైన పరీక్ష! అర్జునుడు ఖడ్గంతో అశ్వత్థామ శిరోమణిని జుట్టుతో సహా కోసి, కట్లు విప్పి, శిబిరం వెలుపలికి వెళ్ళగొట్టాడు. ఆ తరువాత పాండవులు, ద్రౌపది మరణించినవారికి ఉత్తరక్రియలు జరిపారు.