సాయంత్రం బస్సు పోయినంక

(2014 జూన్‌లో కౌలాలంపూర్‌లో తెలంగాణ మిత్రుల కలయికలో చేసిన ప్రసంగం)



నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నం. జూన్ 2న ఇక్కడ మనం కూడా మిఠాయిలు పంచుకున్నం. ఆ మూడింటి పక్కన ఇవాళ ఇంకొక మాట పెడుతున్న. బడి.

రాష్ట్రం ఏర్పడటానికి వారం ముందు, మే 25న, నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. ఇంకా పద్నాలుగేండ్లు నిండలేదు. ఖమ్మం జిల్లా పిల్లగాడు ఆనంద్ కూడా ఎక్కిండు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. వాళ్ల శిక్షణ మన భువనగిరి గుట్ట మీద మొదలైంది. ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టే కాలేజీలు మనకు ఎన్నో ఉన్నయి. కూలి చేసుకునే ఇంటి పిల్లను అంత ఎత్తున నిలబెట్టింది మాత్రం సర్కారు బడి.

ఇది ఒక్కరోజు పని కాదు. 1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల పెట్టిన్రు. తర్వాత ఆయన కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడే నవోదయ విద్యాలయాలు వచ్చినయి. మనం బతుకుతున్న మలేషియా కూడా దాదాపు అదే కాలంలో ఇదే దారి పట్టింది. పల్లెటూరి మలయ్ పిల్లలకు సైన్స్ చెప్పడానికి 1972లో సెరెంబాన్‌లో మొదటి మారా జూనియర్ సైన్స్ కాలేజీ తెరిచిన్రు.

ఒకటి ఒప్పుకోవాలె. సర్వేల్, నవోదయ, మారా, ఇవన్నీ పిల్లలను ఏరుకున్న బడులు. ఏరుకోని బడి సంగతేంది? ఆ బడి కూడా గెలవాలంటే ఏం కావాలె?

నేను చదివింది అలాంటి బడిలోనే. తెలుగు మీడియం, రేకుల షెడ్డు. నాలుగు గంటల బస్సు వచ్చిందంటే సార్లందరూ ఎక్కి పట్నం పోయేటోళ్లు. లెక్కల సారు ఒక్కడు ఊళ్లో కిరాయికి ఉండేటోడు. రాత్రి ఆయన అరుగు మీద లాంతరు పెట్టుకొని పదిమందిమి కూసునేటోళ్లం. రెండు రోజులు రాకపోతే ఇంటికొచ్చి మా నాయినను అడిగేటోడు. ఇవాళ నేను ఇంజినీరునై మీ ముందు మాట్లాడుతున్ననంటే ఆ అరుగే కారణం.

గురుకులం అసలు బలం కూడా అదే. గంట కొట్టినంక కూడా పిల్లను పట్టించుకునే మనిషి అక్కడ ఉంటడు.

మనం ఐటీ వాళ్లం. సాయం అనంగనే కంప్యూటర్లు గుర్తొస్తయి. నేను కూడా మా బడికి నాలుగు పంపిన. మొన్న పోయి చూస్తే బట్ట కప్పి గదికి తాళం వేసి ఉన్నయి. తప్పు నాది. ఏం కావాలో అడగకుండనే పంపిన.

సార్లను తిట్టడానికి ఇది చెప్తలేను. నీళ్లు, మరుగుదొడ్డి సరిగ్గలేని ఇంట్లో భార్యాపిల్లలతో ఉండుమంటే ఎవరుంటరు? అందుకే కొత్త సర్కారును గట్టిగ అడుగుదాం: ప్రతి బడి పక్కన సార్లకు, టీచరమ్మలకు మంచి క్వార్టర్లు కట్టుమని, ఖాళీలు నింపుమని. మనం పైసలిచ్చే ముందు మాత్రం ఊరికి ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడుగుదాం: "సాయంత్రం బస్సు పోయినంక మన పిల్లల కాడ ఎవరుంటున్నరు?"

దానికి ఒక పేరు జవాబుగా వచ్చిన రోజు ఆ బడి గెలిచినట్టే.

జై తెలంగాణ!