బీమా మారినా పాత సంవత్సరాలు పోకుండా



ఆరోగ్య బీమాలో ఒక చిన్న అంశం ఈనాటి మన పాఠం. ఆపద సమయంలో అదే లక్షల రూపాయల తేడా తెస్తుంది. ఒక పాలసీ నుండి మరొక పాలసీకి మారేటప్పుడు "నాకు ఇంతకు ముందే బీమా ఉంది" అని ఎందుకు నిరూపించుకోవాలి? ఎలా నిరూపించుకోవాలి?

ముందు కారణం చూద్దాం. జబ్బు చేశాకే అందరూ పాలసీ కొంటే, వసూలైన ప్రీమియం చెల్లింపులకు చాలదు. అందువల్ల పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బులకు కంపెనీలు కొంతకాలం డబ్బు చెల్లించవు. దీనినే వెయిటింగ్ పీరియడ్ అంటారు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇది 36 నెలలకు మించకూడదు. అంతకు ముందు 48 నెలల వరకు ఉండేది.

ఒకప్పుడు కంపెనీ మారితే ఈ లెక్క మళ్ళీ మొదటికి వచ్చేది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ 2011 అక్టోబరు నుండి పోర్టబిలిటీని అమలులోకి తెచ్చింది. అంటే పాత పాలసీలో గడిచిన కాలాన్ని కొత్త కంపెనీ లెక్కలోకి తీసుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి ప్రేమ్ బజార్‌లో అలాంటి ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రి రైల్వే ఉద్యోగి. కొడుకు ఉబ్బసానికి చిన్నప్పటి నుండి రైల్వే ఆసుపత్రిలోనే వైద్యం జరిగింది. ఆ అబ్బాయికి ఉద్యోగం వచ్చి 3 లక్షల పాలసీ తీసుకున్నాడు. రెండేళ్ళు పూర్తయ్యాక వేరే కంపెనీలో 5 లక్షల పాలసీకి మారాడు. రెండు చోట్లా వెయిటింగ్ పీరియడ్ 36 నెలలే అనుకుందాం. అప్పుడు 3 లక్షల వరకు ఇక ఒక్క ఏడాది ఆగితే చాలు. పెంచుకున్న 2 లక్షలకు మాత్రం మూడేళ్ళూ ఆగాలి.

మరి రైల్వే ఆసుపత్రిలో గడిచిన ఏళ్ళ మాటేమిటి? అవి లెక్కకు రావు. అది ఉద్యోగికి యజమాని ఇచ్చే వైద్య సౌకర్యమే గాని బీమా పాలసీ కాదు. అయితే ఆ వైద్యం కాగితాల్లో ఉబ్బసం నమోదై ఉంటుంది. కొత్త దరఖాస్తులో ఆ విషయం దాచకూడదు. దాచితే క్లెయిము తిరస్కరించే ప్రమాదం ఉంది. విరామం లేకుండా 60 నెలలు గడిచాక, మోసం రుజువైతే తప్ప, విషయం దాచారన్న కారణంతో కంపెనీ క్లెయిమును కాదనలేదు.

ఇక రుజువులు. ప్రతి ఏడాది పాలసీ షెడ్యూలు, ప్రీమియం రసీదులు, పాత క్లెయిముల వివరాలు భద్రపరచాలి. పాత, కొత్త కంపెనీలు ఈ వివరాలను ఆన్‌లైన్‌లో ఇచ్చిపుచ్చుకుంటాయి. కాని పుట్టిన తేదీలోనో పేరులోనో తేడా వస్తే మన దగ్గరున్న కాగితమే ఆధారం. గడువు ముగియడానికి కనీసం 45 రోజుల ముందే దరఖాస్తు చేయడం మంచిది. కొత్త కంపెనీ దరఖాస్తును నిరాకరించవచ్చు. కనుక అది అంగీకరించే వరకు పాత పాలసీని వదలకూడదు. రెంటి మధ్య ఖాళీ పడితే కూడిన ఏళ్ళన్నీ పోతాయి.

ఈ సమస్య మనకొక్కరికే రాలేదు. అమెరికాలో 1996 నాటి చట్టం పాత బీమాకు ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి తెచ్చింది. మధ్యలో 63 రోజుల విరామం వస్తే అంతకు ముందరి కాలం లెక్కకు వచ్చేది కాదు. 2014 నుండి అక్కడ పాత జబ్బు పేరుతో చెల్లింపు నిరాకరించడాన్నే నిషేధించారు. దానితో ఆ పత్రం అవసరం తీరిపోయింది. మన దేశంలో వెయిటింగ్ పీరియడ్ ఇంకా ఉంది. కాబట్టి రుజువు అవసరమూ ఉంది.

ఈ రోజు ఇంటికి వెళ్ళాక ఒక పని చేయండి. మీ ఇంట్లో పాలసీ ఉంటే అది మొదలైన తేదీ, రెన్యువల్ తేదీ, బీమా మొత్తం ఒక కాగితం మీద రాయండి. పాత ఏళ్ళ కాగితాలన్నీ ఉన్నాయో లేవో అమ్మనో నాన్ననో అడగండి. లేనివాటి నకళ్ళు ఆరోగ్యంగా ఉన్నప్పుడే కంపెనీ నుండి తెప్పించుకోవాలి. ఆసుపత్రిలో చేరాక వెతికే తీరిక ఎవరికీ ఉండదు.