ఇంటర్వ్యూకు వెళ్లు మన యువజనులు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



డిగ్రీయో, ఐ.టి.ఐ.యో, పాలిటెక్నిక్కో పూర్తిచేసిన పిల్లలు లేని వీథి నేడు మన గ్రామములలో అరుదు. వారిలో పలువురు వ్రాతపరీక్షలో నెగ్గియు, ఉద్యోగ మేళాలో పేరు నమోదు చేయించుకొనియు, తీరా ముగ్గురు అధికారుల ఎదుట కూర్చుండినపుడు నోట మాట రాక తిరిగి వచ్చుచున్నారు. వీరికి కొరవడినది చదువు కాదు, అభ్యాసము. దానిని కల్పించుట పంచాయతీకి ఖర్చుతో కూడిన పని కాదు. అందుకే మీతో ఈ నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ముందుగా ఒక అపోహను తొలగించవలెను. ప్రతి ఉద్యోగమునకును ఇంటర్వ్యూ ఉండదు. కేంద్ర ప్రభుత్వము 2016 జనవరి 1 నుండి గ్రూపు 'సి', 'డి' ఉద్యోగములకును, గెజిటెడ్ కాని గ్రూపు 'బి' ఉద్యోగములకును ఇంటర్వ్యూలను రద్దు చేసెను. కావున అట్టి ఉద్యోగమునకు "ఇంటర్వ్యూలో చెప్పిస్తాను, ఇంత సొమ్ము ఇవ్వండి" అని వచ్చు దళారి మాట వట్టి బూటకమని ఊరిలో చాటింపు వేయింపుడు. పొలము తాకట్టు పెట్టకముందే ఆ చాటింపు వినబడవలెను. ఇంటర్వ్యూ ఉన్న చోట్లు వేరు. ఐ.బి.పి.ఎస్. ద్వారా జరుగు బ్యాంకు ఆఫీసరు ఎంపికలో వ్రాతపరీక్షకు 80 పాళ్లు, ఇంటర్వ్యూకు 20 పాళ్లు లెక్కింతురు. ప్రైవేటు కంపెనీలలో తరచుగా ఇంటర్వ్యూయే ప్రధానము.

అడుగు ప్రశ్నలు చాలవరకు అందరికి తెలిసినవే. మొదటిది "మీ గురించి చెప్పండి" అనునది. సులభముగా తోచు ఈ ప్రశ్నయే ఎక్కువమందిని పడగొట్టుచున్నది. గైడులోని ఇంగ్లీషు పేరాను కంఠస్థము చేసి అప్పజెప్పుదురు. మేము చూచిన ఒక మేళాలో వరుసగా ముగ్గురు తమకు పుస్తకపఠనము ఇష్టమనిరి. ఇటీవల చదివిన పుస్తకమేదని అడుగగా మువ్వురును పైకప్పు వైపు చూచిరి.

ఇట్టివారు తమ జీవితములో చెప్పదగినది ఏమియు లేదని అనుకొనుచున్నారు. తండ్రి కూలి అని చెప్పుటకు సిగ్గుపడుదురు. ఒక యువకుడు ఇట్లు చెప్పెననుకొనుడు: "మా నాన్న కౌలురైతు. ఇంటర్ చదివేటప్పుడు పొద్దున్నే పాలకేంద్రంలో లెక్కలు రాసేవాణ్ణి. కొలతలోగానీ డబ్బులోగానీ తేడా వస్తే సాయంత్రానికి నన్నే అడిగేవారు." వేళకు వచ్చువాడనియు, లెక్క తెలిసినవాడనియు, బాధ్యత మోసినవాడనియు వినువారికి అర్థము కాలేదా? అట్లే ఒక ఆడపిల్ల "మా అమ్మ డ్వాక్రా సంఘం పుస్తకాలు మూడేళ్లు నేనే రాశాను" అని చెప్పవచ్చును. అది నిజముగా చేసిన పనియై ఉండవలెను. లేనిపోనిది చెప్పినచో రెండవ ప్రశ్నకే బయటపడును.

"మీలో లోపమేమిటి?" అను ప్రశ్నకు "అతిగా కష్టపడటమే నా లోపం" అని చెప్పుట ఒక వేడుకైపోయినది. దానిని ఎవరును నమ్మరు. "ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడు తడబడతాను, రోజూ అరగంట పేపరు పైకి చదువుతున్నాను" అనుట మేలు. తెలియని ప్రశ్నకు "తెలియదండి" అనుట తప్పు కాదు.

"మా దగ్గరే ఎందుకు చేరాలనుకుంటున్నారు?" అని అడుగుదురు. పెనుకొండ దగ్గరి కార్ల కర్మాగారమునకు వెళ్లువాడు అక్కడ ఏ కార్లు తయారగునో, తనకు ఏ పని ఇత్తురో ముందే విచారించుకొనవలెను. రాత్రి షిఫ్టు, హాస్టలు వసతి సంగతి ఇంటిలో పెద్దలతో మాట్లాడి నిశ్చయించుకొని మరీ వెళ్లవలెను. అక్కడ సరేనని, ఇంటిలో ఒప్పుకొనక నెలలోపలనే తిరిగివచ్చినవారు కలరు. జీతము మాట వచ్చినపుడు పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. పోను చేతికి వచ్చునదెంత, భోజనము ఎవరిది అని మర్యాదగా అడుగవచ్చును.

ఆడపిల్లలను "పెళ్లయితే మానేస్తారా?" అని అడుగుచుందురు. నియామకములో స్త్రీలపట్ల వివక్ష చూపరాదని 1976 నాటి సమాన వేతనాల చట్టమే చెప్పినది. ఐనను గదిలో కూర్చున్న పిల్ల వాదమునకు దిగవలసిన పనిలేదు. "ఉద్యోగంలో కొనసాగాలనే వచ్చానండి" అని నెమ్మదిగా చెప్పి ఊరకుండినచో చాలును. ఈ మాట తడబడక చెప్పుటకు ముందుగా ఒకసారి పైకి పలికి ఉండవలెను.

ఇక మీ పని. రాజ్యాంగము పదకొండవ షెడ్యూలులో సాంకేతిక శిక్షణ, గ్రంథాలయములు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. నెలకు రెండు సాయంకాలములు పంచాయతీ కార్యాలయమునో, గ్రంథాలయమునో తెరచి ఉంచుడు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు చాలును. విశ్రాంత ఉపాధ్యాయుని, బ్యాంకు ఉద్యోగిని, ఉద్యోగము చేయుచున్న ఒక స్త్రీని కూర్చుండబెట్టుడు. అభ్యర్థి తలుపు తట్టి, అనుమతి పొంది లోనికి రావలెను. పది నిమిషములు ప్రశ్నలు వేయుడు. సెల్‌ఫోనులో చిత్రించి అతనికే చూపుడు. తన కాళ్లు ఊగుట, మాట మింగుట అతడే గ్రహించును. పదిమందిలో పరిహసించువారిని మాత్రము లోనికి రానీయకుడు. ఒకసారి నవ్వులపాలైన పిల్ల మరల రాదు.

అదే సాయంకాలము కాగితములును చూడుడు. పదవ తరగతి సర్టిఫికెట్టులో ఒక పేరు, ఆధార్‌లో మరియొక పేరు ఉన్నచో సవరించుటకు సమయము పట్టును. కులధ్రువీకరణ పత్రమునకు మీసేవకు ఇంటర్వ్యూ ముందురోజున పరుగెత్తుట వృథా శ్రమ.

నగరములలో ఉద్యోగములు చేయుచున్న మీ ఊరి పిల్లలు సంక్రాంతికి వత్తురు. ఇటీవల ఇంటర్వ్యూలు ఎదుర్కొన్నవారు వారే. ఎవరెవరిని పిలువవలెనో ఇప్పుడే పేర్లు వ్రాసి ఉంచుకొనుడు. వారు ఊరిలో నిలుచునది నాలుగు దినములే.