అందలము ఒకరిది, అడుగు మరొకరిది



సంక్రాంతి మొదలుకొని ఉగాది వరకు ఆదివారమాదివారము కొమురవెల్లి మల్లన్న కొండకు జనము బారులు తీరి సాగుచుందురు. పట్నములు వేయించువారు, బోనములెత్తువారు, ఒగ్గు కథలు వినువారు ఆ కొండ దిగువ నిండిపోవుదురు. ఆ త్రోవనే చేర్యాల దాటి మద్దూరు వైపునకు పోయినచో బైరాన్‌పల్లి యను గ్రామము కలదు. ఆ యూరి పాత బురుజు 1948 ఆగస్టులో జరిగిన ఘోరమునకు సాక్షి. దానిని చూచినవారు రజాకార్లను తలంతురు, నిజాము నవాబును తలంతురు. ఆ దినములలో రాజ్యమునకు ప్రధానమంత్రిగా నుండిన మనుష్యుని పేరు మాత్రము చాలమందికి స్ఫురింపదు.

ఆయన మీర్ లాయఖ్ అలీ. హైదరాబాదు సంస్థానమునకు కడపటి ప్రధాని. పదవి చేపట్టుటకు ముందు పాకిస్తాను పక్షమున ఐక్యరాజ్యసమితికి వెళ్ళినవాడు. పదవి పోయిన తరువాత సైనిక ప్రభుత్వపు నిర్బంధమును తప్పించుకొని పాకిస్తానును చేరినవాడు. ఆయన రాజకీయ జీవితమును నేడు మనవి చేయదలచినాము. ఆయనను పొగడుటకు గాదు, తిట్టుటకును గాదు. తుపాకి పట్టినవాని బలముతో పదవి నెక్కినవానికి ఆ పదవిలో మిగులునదేమి యను ప్రశ్నకు ఆ జీవితము సమాధానము చెప్పుచున్నది గనుక.

హైదరాబాదు సంస్థానము దాదాపు 82 వేల చదరపు మైళ్ళ రాజ్యము. 1941 జనాభా లెక్కల నాటికి అందు కోటి అరువది లక్షలకు పైగా ప్రజలుండిరి. తెలుగు, మరాఠీ, కన్నడము మాటలాడు ప్రాంతములు మూడును అందు గలవు. ప్రజలలో అధిక సంఖ్యాకులు హిందువులు; ప్రభువు మహమ్మదీయుడు. 1947 ఆగస్టులో ఆంగ్లేయులు వెడలిపోగా, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇటు భారతదేశమున చేరక, అటు పాకిస్తానున చేరక, స్వతంత్రుడనై యుందునని తలంచెను. ఆనాటి ప్రధాని ఛత్తారీ నవాబు. ఆయన ఢిల్లీతో సంధి మాటలాడుచుండెను.

అప్పటికి పట్టణమున మరియొక బలము తలయెత్తినది. ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పక్షమునకు లాతూరు వకీలు ఖాసిం రజ్వీ నాయకుడయ్యెను. ఆయన క్రింద రజాకార్లు, అనగా స్వచ్ఛంద సేవకులను పేర, ఆయుధములు పట్టిన దండు పెరిగెను. 1947 అక్టోబరు 27న సంధి సభ్యులు ఢిల్లీకి బయలుదేరవలసి యుండగా, తెల్లవారకముందే పెద్ద గుంపు వారి యిండ్లను ముట్టడించెను. విమానము కదలలేదు. సంధి సభ్యులు తప్పుకొనిరి. కొలది దినములలో ఛత్తారీ నవాబు పదవి విడిచెను. ఆ యేడు నవంబరు చివర ఆ ఖాళీ పీఠమున లాయఖ్ అలీ కూర్చుండెను.

ఆయన వృత్తిచే ఇంజనీరు, వ్యవహారముచే పారిశ్రామికుడు. సంస్థానమున లెక్కింపదగిన పరిశ్రమలతో ఆయనకు సంబంధముండెను. యంత్రము నెట్లు నడుపవలెనో, పెట్టుబడి నెట్లు కూర్పవలెనో ఎరిగినవాడు. పీఠమునకు చేరిన దారిలోనే చిక్కు పడినది. ఒక గుంపు వీధిలో నిలిచి పాత ప్రధానిని దింపినది. ఆ గుంపునకు ఇష్టుడైనవాడు క్రొత్త ప్రధాని యయ్యెను. అందలములో కూర్చున్నవాడు తాను పయనించుచున్నానని తలంచును. కాని అడుగులు బోయీలవి. వారెటు తిరిగిన అందలము అటే తిరుగును.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వముతో యథాతథపు ఒడంబడిక కుదిరినది. ఒక యేడు పాటు పాత సంబంధములే సాగవలెనని దాని తాత్పర్యము. భారత ప్రభుత్వ ప్రతినిధిగా కె. ఎం. మున్షీ హైదరాబాదునకు వచ్చెను. ఇంతలో పాకిస్తానునకు 20 కోట్ల రూపాయల అప్పును భారత ప్రభుత్వ పత్రముల రూపమున హైదరాబాదు ఇచ్చినదని బయటపడగా, ఒడంబడికకు అర్థమేమున్నదని ఢిల్లీ అడిగెను. 1948 జూన్ వరకు లాయఖ్ అలీ ఢిల్లీకిని హైదరాబాదునకును తిరుగుచుండెను. మౌంట్‌బాటన్ దేశము విడుచుటకు ముందు సిద్ధపరచిన రాజీ ముసాయిదా హైదరాబాదునకు సులువైన షరతులనే ఇచ్చినది. నిజాము దానిని త్రోసిపుచ్చెను. ఆ రాజీకి ఒప్పుకొన్నచో రజాకార్లను అణచవలసి వచ్చును. వారి బలముతోనే పీఠమునందున్న ప్రభుత్వము వారిని అణచునా?

ఆ మంత్రివర్గమున హిందువులును కలరు. వరంగల్లు ప్రాంతపు పింగళి వెంకటరామారెడ్డి ఉపప్రధానిగా నుండెను. సభ్యులలో నొకడగు జె. వి. జోషీ రజాకార్ల దౌర్జన్యములను ఖండించి రాజీనామా యిచ్చెను. తన మంత్రియే వ్రాసి యిచ్చిన మాట ప్రధానికి తెలియదనుటకు వీలులేదు.

ఇక 1948 ఆగస్టు నెలలో ఒక్క వారమును పరిశీలింతము. ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వము భారతదేశముపై ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపెను. తన రాజ్యమునకు న్యాయము కావలెనని లోకమును అర్థించెను. ఆ రాత్రియే హైదరాబాదు నగరమున ‘ఇమ్రోజ్’ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను వీధిలో పొడిచి, కాల్చి చంపిరి. ఆయన మహమ్మదీయుడు. భారతదేశమున చేరుటయే మేలని, రజాకార్ల పోకడ తప్పని వ్రాసినందుకు ఆ శిక్ష. తరువాత ఆరు దినములకు, ఆగస్టు 27 తెల్లవారుజామున, ఆనాటి జనగామ తాలూకాలోని బైరాన్‌పల్లిపై రజాకార్లును నిజాము బలగములును పడిరి. ఆ యూరివారు అంతకుముందు దాడులను తిప్పికొట్టి, బురుజుపై కాపు పెట్టుకొని తమ ఊరిని తామే కాచుకొనుచుండిరి. ఆ దినమున బురుజు నిలువలేదు. ఎనుబదిమందికి పైగా గ్రామస్థులు హతులైరి.

రాజధానిలో ప్రధాని న్యాయము కొరకు వ్రాసిన ఫిర్యాదునకును, పల్లెలో ఆయన ప్రభుత్వపు తుపాకి చేసిన పనికిని నడుమ ఆరు దినములే. కంచె చేను మేయుట యనగా ఇదియే. లాయఖ్ అలీ స్వయముగా ఆ దాడికి ఆజ్ఞ ఇచ్చెనని మేము చెప్పుట లేదు. ఆజ్ఞ ఇవ్వకున్నను, ఆపుటకు చాలకున్నను, పీఠము నందున్నంతకాలము ఆ నెత్తురు లెక్క ఆయన ఖాతాలోనిదే. అధికారము లేదను మాట బాధ్యతను తీసివేయదు. అధికారము లేదని తెలిసిన నాడే పీఠము దిగవలసి యుండును. జోషీ దిగెను, లాయఖ్ అలీ దిగలేదు.

సెప్టెంబరు 13న భారత సైన్యము నాలుగు దిక్కుల నుండి సంస్థానమున ప్రవేశించెను. అంతకు రెండు దినముల ముందు జిన్నా మరణించెను. పాకిస్తాను నుండి సహాయము రాలేదు. సెప్టెంబరు 17న లాయఖ్ అలీ మంత్రివర్గము రాజీనామా చేసెను. ఆ సాయంకాలము నిజాము రేడియోలో మాటలాడి పోరు నిలిపితినని ప్రకటించెను. మరునాడు సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జయంత్‌నాథ్ చౌధురికి లొంగిపోయెను. భద్రతా మండలికి పంపిన ఫిర్యాదును నిజామే ఉపసంహరించుకొనెను. బోయీలు అందలమును నడిబాట దింపి పోయిన విధమిది.

అటుపైని హైదరాబాదున సైనిక ప్రభుత్వము. చౌధురి సైనిక గవర్నరు. మాజీ ప్రధాని బేగంపేటలో గృహనిర్బంధమున నుండెను. 1950 మార్చిలో ఆయన కాపలా కన్నుగప్పి తప్పించుకొని బొంబాయి మీదుగా కరాచీ చేరెను. ఖాసిం రజ్వీ మాత్రము శిక్షపడి చెరసాలలో నుండి, 1957లో విడుదలై, ఆయనయు పాకిస్తానునకే పోయెను.

సైనిక పాలనను గూర్చి ఉన్నదున్నట్లు చెప్పవలెను. 1949 ఆగస్టులో జాగీరులను రద్దు చేసినది ఆ పాలనయే. తరతరముల పీడ ఒక్క శాసనముతో తొలగెను. అదే కాలమున సంస్థానపు పలు జిల్లాలలో నిరపరాధులైన మహమ్మదీయులు ఊచకోతకు గురియైరి. ప్రధాని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ సంఘము, తక్కువగా లెక్కించినను ఇరువది యేడు వేల నుండి నలుబది వేల వరకు ప్రాణములు పోయినవని నివేదించెను. ఆ నివేదిక 2013 వరకు సామాన్యుల కండ్లబడలేదు. తెలంగాణ పల్లెలలో సైన్యము కమ్యూనిస్టు రైతాంగముపై తిరిగినది; ఆ పోరాటము 1951 అక్టోబరులో గాని విరమింపబడలేదు. అనగా రజాకారు తుపాకి పోయి, మరియొక తుపాకి వచ్చినది. చేసినది మేలైనను కీడైనను, ప్రజల మాట వినవలసిన పని దానికి లేదు.

లాయఖ్ అలీ కథ కరాచీలో ముగియుటలేదు. ఒక సైనిక పాలనను తప్పించుకొని పోయినవానికి అచ్చట మరియొకటి ఎదురయ్యెను. 1958 అక్టోబరు 7న పాకిస్తానున రాజ్యాంగము రద్దయి, సైనిక శాసనము వచ్చినది. ఆ నెలలోనే జనరల్ అయూబ్ ఖాన్ ఆ దేశమునకు అధిపతి యయ్యెను. అయూబ్ ఏలుబడిలోనే, 1962లో, లాయఖ్ అలీ హైదరాబాదు పతనమును గూర్చిన తన ఆంగ్ల గ్రంథమును కరాచీలో ప్రకటించి తన పక్షపు వాదమును లోకమునకు వినిపించెను.

ఆ దేశపు ప్రధానులలో ఒకనిని ఇచ్చట లాయఖ్ అలీ ప్రక్కన నిలిపి చూడవలసి యున్నది. ఆయన సింధు ప్రాంతపు మహమ్మద్ ఖాన్ జునేజో. 1977 జూలై 5న అధికారము చేజిక్కించుకొన్న జనరల్ జియా ఉల్ హక్, 1985 ఫిబ్రవరిలో పార్టీలు లేని ఎన్నికలు జరిపి, మార్చిలో జునేజోను ప్రధానిగా ఎంచుకొనెను. నెమ్మది మనుష్యుడు, ఎదురుచెప్పడు అని జనరలు తలంచి యుండును. కాని ఆ నెమ్మది మనుష్యుడు సైనిక శాసనమును ఎత్తివేయవలెనని పట్టుబట్టెను. 1985 డిసెంబరు 30న అది తొలగినది. 1986 ఏప్రిల్‌లో బేనజీర్ భుట్టో విదేశము నుండి తిరిగి రాగా, ఆమె సభలను జరుగనిచ్చెను. సేనాధిపతులును ఉన్నతోద్యోగులును పెద్ద కార్లు మాని చిన్న సుజుకీ కార్లలో తిరుగవలెననెను. 1988 ఏప్రిల్‌లో రావల్పిండి చెంత ఓజ్డీ శిబిరమున ఆయుధాగారము పేలి జనులు మరణించినపుడు విచారణకు పూనుకొనెను.

ఫలితమేమి? సైనిక శాసనము ఎత్తివేయుటకు ముందే రాజ్యాంగమునకు ఎనిమిదవ సవరణ చేర్చబడి, శాసనసభను రద్దుచేయు అధికారము అధ్యక్షుని చేతిలో నుంచబడెను. 1988 మే 29న, జునేజో విదేశ పర్యటన ముగించి వచ్చిన దినముననే, జియా ఆయన ప్రభుత్వమును రద్దు చేసెను. ఆ రద్దు చెల్లదని పిమ్మట న్యాయస్థానము తేల్చినది. పీఠము మాత్రము తిరిగి ఇప్పింపలేదు.

ఇద్దరికిని పీఠము ఇచ్చినవాడు ఆయుధము పట్టినవాడే. భేదమొక్కటి. లాయఖ్ అలీ తనను మోయువారి అడుగులను ఆపుటకు చాలక, వారితోనే సాగి, రాజ్యముతో పాటు పడిపోయెను. జునేజో ఆ అడుగులను ఆపజూచి, ఒంటరిగా పడిపోయెను. పడుట ఇద్దరికిని తప్పలేదు. కాని చరిత్ర ఇద్దరినీ ఒక్కతీరుగ తలంచుకొనదు. పాకిస్తానున ఇంతవరకు ఏ ప్రధానియు అయిదేండ్ల గడువు నిండుగా పూర్తిచేయలేదనుట, మోయువారి బలమెంతటిదో తెలుపుచున్నది.

మరి మనకు దారి ఎట్లు మారినది? 1950 జనవరి 26న హైదరాబాదున ఐ.సి.యస్. అధికారి వెల్లోడి ముఖ్యమంత్రి యయ్యెను. ఆయనయు ఎన్నికైనవాడు గాడు. 1952లో ప్రజలు తొలిసారి వయోజన ఓటుతో పోలింగునకు నడచిరి. నిన్నటి వరకు నిజాముతోను, పిమ్మట సైన్యముతోను పోరాడినవారు ఆ ఎన్నికలలో నిలిచిరి. జనగామ తాలూకా అప్పటికి నల్గొండ జిల్లాలోనిదే. ఆ నల్గొండ స్థానమున రావి నారాయణరెడ్డి, నెహ్రూకు వచ్చిన వానికంటెను ఎక్కువ ఓట్లతో లోకసభకు ఎన్నికయ్యెను. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి యయ్యెను. ఓడినవారు శాసనసభలో ప్రతిపక్షమున కూర్చుండిరి. ఎవరి ఇంటిని ఎవరును ముట్టడింపలేదు.

ప్రధాని మంచివాడా, సమర్థుడా యని మనము అడుగుచుందుము. అడుగవలసినదే. కాని అంతకు ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: ఈయనను ఆ పీఠముపై నిలిపినదెవరు, దింపగలదెవరు? ఓటు అని చెప్పగలిగిననాడు పల్లెకు భయము లేదు. తుపాకి అని చెప్పవలసి వచ్చిననాడు, ఆ తుపాకి ఎవరిదైనను, ఊరు తన బురుజుపై తానే కాపు కాచుకొనవలసి వచ్చును.