లింకుల ఇచ్చిపుచ్చుకోలు



ఏలూరికి ఉత్తరముననున్న మా పెదవేగియే పూర్వపు వేంగీపురమని చారిత్రకుల నిర్ణయము. నేను బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్న పిమ్మట, మా యూరి దిబ్బలను గూర్చియు, దొరకిన శాసనములను గూర్చియు వ్రాసికొన్న కాగితములను నా మనుమడు ఒక వెబ్‌సైటుగా నెక్కించెను. వెబ్‌సైటనగా లోకమునకంతటికి తెఱచియుంచిన పుస్తకము వంటిది. మీ యింటి పిల్లలు సెల్‌ఫోనులో చూపుదురు. లింకనగా అందలి యొక మాటపై వ్రేలుంచగనే మఱొకరి పుస్తకము తెఱచుకొనునట్టి ద్వారము. ఎవరి యింటికి మనము ద్వారము పెట్టవలెను, ఎవరిచేత మన యింటికి పెట్టించుకొనవలెను అనునదియే నేటి ప్రసంగ విషయము. ఇందు నేను పొరపడి ఫలము అనుభవించితిని గనుక చెప్పుటకు కొంత అధికారము కలదనుకొందును.

కోట్లకొలది పుటలలో అడిగినవానికి ఏది ముందు చూపవలెను? 1998లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదువుచుండిన లారీ పేజి, సెర్గే బ్రిన్ అను నిరువురు దీనికొక లెక్కను ప్రకటించిరి. ఒక పుటకు ఎందఱు ఇతరులు లింకునిచ్చిరో చూడవలెను. ఇచ్చినవారికి స్వయముగా ఎంత గౌరవము కలదో దానినిబట్టి ఆ లింకును తూచవలెను. గూగులు ఈ లెక్కమీదనే పుట్టినది. నేడు ఇంకను అనేక గుణములు పరిశీలింతురు గాని, లింకు విలువ పోలేదు.

ఇది మనకు క్రొత్తమాట కాదు. ఆప్తవాక్యము ప్రమాణమని మన తార్కికులు ఏనాడో చెప్పిరి. పంచాయతీలో పదిమంది దారినపోవువారి మాటకంటె ఒక పెద్దమనిషి మాట ఎక్కువ తూగుట మీరెఱుగనిదా? అయితే ఆ పెద్దమనిషి అడిగినవారికెల్ల సాక్ష్యము పలుకువాడైనచో మాట పలుచబడును. ఆ లెక్కలో ఇదియు నిమిడియున్నది. ఒక పుటకుగల బలము దాని నుండి వెలువడు లింకులన్నిటికి పంచబడును. కాలువకు రెండు తూములున్నచో ఒక్కొక్క చేనికి సగము నీరు; రెండువందల తూములున్నచో మడి తడియదు.

ఇక నా పొరపాటు. మా పుట పెట్టి మూడేండ్లయినను, వేంగిని గూర్చి వెదకువారికి అది ఎక్కడనో అట్టడుగున గాని కనబడకుండెను. అట్టి సమయమున ఒక పట్టణపు మధ్యవర్తి, నలువది వెబ్‌సైటులతో లింకులు మార్పిడి చేయించెదనని మనుమనికి జాబు వ్రాసెను. నేను సరేయంటిని. ఆ నలువది యెవరివో కళ్లద్దములు పెట్టుకొని చూడనైనను లేదు. తరువాత చూచితిని గదా, ఇండ్లస్థలముల బేరగాండ్రు, ఒడలు చిక్కించు చూర్ణములవారు, మన రాష్ట్రమున 2020లో నిషేధింపబడిన అంతర్జాలపు పేకాటవారు! శాలంకాయన ప్రభువుల పేళ్ల క్రింద పేకముక్కలు! రెండు మాసములు మా పుట కొంత పైకి వచ్చినమాట నిజమే. నాలుగవ మాసమున పూర్తిగా మాయమైనది. 'మీ లింకులు అసహజములు' అని వెదకుడు సంస్థ నుండి నోటీసు వచ్చెను. దూరదేశమున మన శాసనములమీద పరిశోధన చేయుచున్న విద్యార్థి యొకడు, 'అయ్యా, మీ పుటను తీసివేసితిరా?' అని యడిగినప్పుడు నాకు తల యెత్తుకొనలేని సిగ్గయ్యెను. ఒక్కొక్కటిగా ఆ లింకులన్నియు ఊడబెఱికి, తప్పొప్పుకొని విన్నవించుకొన్న పిదప గాని మరల చోటు దొరకలేదు.

తప్పు మాదే. 'నీవు నాకిమ్ము, నేను నీకిత్తును' అని పుటలకొలది లింకులు మార్చుకొనుట తమ నియమములకు విరుద్ధమని గూగులువారు ప్రకటించియే యున్నారు. 2012 ఏప్రిలులో 'పెంగ్విన్' అను పేర నొక మార్పు తెచ్చి ఇట్టి కపటసాక్ష్యములను దండింప నారంభించిరి.

మన తర్కమున ఈ దోషములకు పేళ్లు సిద్ధముగా నున్నవి. తనకు తానే సాక్షియగుట ఆత్మాశ్రయము. నీకు నేను, నాకు నీవు ఆధారమగుట అన్యోన్యాశ్రయము. ఈ దొంగతనము బయటపడునని భయపడి, మొదటివాడు రెండవవానికి, వాడు మూడవవానికి, మూడవవాడు మరల మొదటివానికి ఇప్పించుకొనుచున్నారు, అది చక్రకము. బాల్యమున గురువుగారి యెదుట వల్లించిన ఈ మాటలు వృద్ధాప్యమున కంప్యూటరు ముందర పనికివచ్చునని నేననుకొనలేదు.

నిజమైన సాక్ష్యమెట్లుండును? మా హస్తివర్మ మహారాజు సంగతి చూడుడు. పెదవేగి తామ్రశాసనమున ఆయన మునిమనుమడు నందివర్మ ఆయనను కీర్తించెను. మునిమనుమడు ముత్తాతను పొగడుట వింత గాదు. కాని ప్రయాగ స్తంభముపై, సముద్రగుప్తుడు దక్షిణాపథమున పట్టి విడిచిన రాజులలో వేంగి హస్తివర్మ పేరు చెక్కబడియున్నది. అది గెలిచినవాని పక్షపు వ్రాత! ఆ పేరు చెక్కుడని మా రాజు అడుగలేదు, బదులుగా తానొక స్తంభమెత్తలేదు. హస్తివర్మను నాలుగవ శతాబ్దమున నిలుపుటకు చారిత్రకులకు ఆ స్తంభమే గట్టి ఊత. అడుగకుండ వచ్చిన అట్టి లింకొక్కటి నలువదింటికి సాటి.

అట్లని ఇచ్చిపుచ్చుకొనుటయే దోషమని నేననను. ఎఱిగిన యిండ్ల నడుమ వాయనములు నడచుట లేదా? ఒకరి నిలకడకు మఱొకరి మాట తప్ప వేఱాధారము లేనప్పుడే అన్యోన్యాశ్రయము దోషమగును. కావున ఇప్పుడు జాబు వచ్చినచో మనుమనిని ఒక్క ప్రశ్న యడుగుచున్నాను: వారు మన లింకును రేపు తీసివేసినను మనము వారిది ఉంచుదుమా?

కొల్లేటి పక్షులను గూర్చి వ్రాయు యువకుడొకడు మార్పిడి కోరెను. కొల్లేరు 2002లో రామ్సారు ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల తేమనేలగా గుర్తింపబడినది. మా దిబ్బలు చూడవచ్చువారు ఆటపాకలో గూడబాతులను చూచి పోవుదురు. ఆ వ్రాత నేను పూర్తిగా చదివితిని, లింకు పెట్టించితిని. విత్తనముల వర్తకుడొకడు సాలుకింత సొమ్మిత్తుననెను. సొమ్ము పుచ్చుకొన్న లింకునకు 'స్పాన్సర్డు' అను గుర్తు 2019 నుండి ఏర్పడియున్నది, అది పెట్టెదమంటిమి. గుర్తుండినచో తనకక్కఱ లేదనెను. ఆయన కోరినదేమో తెలిసిపోయినది.

మొన్న ఒక ఉపాధ్యాయుడు గుంటుపల్లి బౌద్ధ గుహలను గూర్చి చక్కగా వ్రాసిన పుట కంటబడినది. ఆయన మమ్మెఱుగడు, ఏమియు కోరలేదు. మా పుటలో గుంటుపల్లి మాట వచ్చినచోటనే, అడుగున జాబితాలో గాక, వాక్యము నడుమ ఆ ద్వారము పెట్టుమని మనుమనికి చెప్పితిని. 'తాతయ్యా, ఆయనకు జాబు వ్రాసి మనది పెట్టుమని యడుగనా?' అనెను. వలదంటిని.

సెలవు.