ఆకాశనేత్రము ఎవరి సొత్తు?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

గ్రంథాలయ సభలో ఉపగ్రహములను గూర్చి ప్రసంగించుట కొందరికి అసందర్భముగా తోచవచ్చును. కాని ఈ రెండింటికిని సంబంధించిన ప్రశ్న యొకటి కలదు: విజ్ఞానము ఎవరి సొత్తు? ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము "అందరి సొత్తు" అని సమాధానము చెప్పుచున్నది. ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రముల విషయమున ఆ సమాధానము ఇంకను పూర్తిగా రాలేదు.

పూర్వము భూమిని అతిసూక్ష్మముగా చూడగల ఉపగ్రహములు ప్రభుత్వముల రహస్య సాధనములుగా నుండెడివి. 1992లో అమెరికా చేసిన శాసనము ప్రైవేటు సంస్థలకు ద్వారము తెరచినది. 1999 సెప్టెంబరు 24న ప్రయోగింపబడిన ఐకనాస్ ఉపగ్రహము, సుమారు 680 కిలోమీటర్ల ఎత్తునుండి, ఒక మీటరు పరిమాణముగల వస్తువులను చిత్రించుచు వచ్చినది. ధర చెల్లించినవారికి ఆ చిత్రములు లభించినవి. 2014లో వచ్చిన వరల్డ్‌వ్యూ-3 చిత్రమునందు ఒక్కొక్క చుక్క నేలపై 31 సెంటీమీటర్లకు, అనగా సుమారొక అడుగుకు సమానము. మనిషి ముఖమును గుర్తింపజాలము. కాని బండిని, పడవను, ఇంటి కప్పును వేరువేరుగా లెక్కింపవచ్చును. భూకంపమునకు ముందును వెనుకను తీసిన చిత్రములను సరిపోల్చి, ఏ వీథి కూలినదో, ఏ దారి తెగినదో సహాయకులు తెలిసికొనుచున్నారు.

ఇట్టి చిత్రము మానవులకు చేసిన మేలునకు ఒక నిదర్శనము చెప్పెదను. 2015లో ఇండోనేషియా దీవులయందు బానిసలుగా చేపలు పట్టుచున్న వారి దైన్యమును అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరులు వెల్లడించిరి. అంతట కొన్ని పడవలు బందీలతోసహా మాయమైనవి. విలేఖరులు డిజిటల్‌గ్లోబ్ అను సంస్థ సహాయము కోరగా, పాపువా న్యూగినీ సమీప సముద్రమున సిల్వర్ సీ 2 అను ఓడ రెండు పడవలనుండి చేపలను ఎక్కించుకొనుచుండగా ఉపగ్రహము పట్టియిచ్చినది. ఆగస్టులో ఇండోనేషియా ఆ ఓడను నిర్బంధించినది. ఆ వార్తల ఫలితముగా రెండువేలకు పైగా జనులు విముక్తులైరి.

ఇక రెండవ ప్రక్క చూడుడు. 2001 అక్టోబరులో ఆఫ్ఘనిస్థానమున యుద్ధము ఆరంభము కాగా, ఆ ప్రాంతమును గూర్చి ఐకనాస్ తీయు చిత్రములన్నిటిపై ఏకైక హక్కును అమెరికా ప్రభుత్వ సంస్థ యొకటి కొనివేసినది. నిషేధాజ్ఞ అవసరము కాలేదు, ధనమే చాలినది. కొనదగినదానిని మూసివేయుటయు సాధ్యమేయని దీనివలన తేలుచున్నది.

అయినను వేరొక మార్గమును కలదు. విపత్సమయమున చిత్రములను ఉచితముగా ఇచ్చుటకు 2000లో పలుదేశముల అంతరిక్ష సంస్థలు ఒడంబడిక చేసికొనుట ఆరంభించినవి. అందు మన ఇస్రోయు సభ్యురాలు. అమెరికా తన లాండ్‌శాట్ చిత్రములను 2008లో అందరికిని ఉచితము గావించినది. మన ఉపగ్రహముల సమాచారమును హైదరాబాదు చేరువనున్న షాద్‌నగరు కేంద్రము గ్రహించుచున్నది. 5 మీటర్లు, అంతకంటె స్థూలమైన పాత చిత్రములు ఉచితముగా లభింపవలెనని 2023 నాటి భారత అంతరిక్ష విధానము నిర్ణయించినది. అంతకంటె సూక్ష్మమైనవి ప్రభుత్వ శాఖలకు ఉచితము. తక్కినవారికి మాత్రము వెల కలదు. చెరువు గట్టు ఎక్కడ ఆక్రమింపబడెనో తేల్చుటకు కావలసినది ఆ సూక్ష్మచిత్రమే గదా!

చిత్రము తనంతట తాను మాటలాడదు. ఆ ఓడను ఎక్కడ వెదకవలెనో తెలిపినది నేలమీది మనుష్యుల శ్రమయే. కావున మన యువకులు పుస్తకము చదువుటతోపాటు పటమును చదువుటయు నేర్వవలెను. ఉచితముగా లభించు మన గ్రామ చిత్రములను సంవత్సరమున కొకటి చొప్పున ఈ గ్రంథాలయమున భద్రపరచినచో, చెరువు, పోరంబోకు, తోపు ఎట్లు మారుచున్నవో రాబోవు తరమునకు సాక్ష్యముండును. పుస్తకమును బీరువానుండి ప్రజల చేతికి తెచ్చిన ఈ సంస్థ, ఆకాశనేత్రపు చూపును సైతము ప్రజల చేతికి తేగలదని విశ్వసించుచు సెలవు తీసికొనుచున్నాను.