ఇల్లు ఎక్కడ కడుతున్నరో ముందుగాల మమ్మల్ని అడగాలె

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి వరకే చదువుకున్న. మైకు ముందర మాట్లాడుడు అలవాటు లేదు, అందుకే రాసుకొచ్చిన. నాకు ఇచ్చిన అంశం: పేదలకు ఇండ్లు ప్లాన్ చేసేటప్పుడు మున్సిపాలిటీ వాళ్లు ఏమేం చూడాలె. నేను ఇంజనీరును కాదు. మోండా మార్కెట్ పక్క గల్లీలో పుట్టి పెరిగి, అక్కడే గ్రూపు నడుపుతున్న. నాకు తెలిసింది మా గ్రూపు పుస్తకంలో ఉన్న లెక్క. దానితోనే మొదలుపెడుత.

మా గ్రూపులో 12 మందిమి. ఎన్నడూ కిస్తీ ఆగలేదని గొప్పగా చెప్పుకునేటోళ్లం. మా గ్రూపులో ఒక చెల్లెకు ప్రభుత్వ ఇల్లు వచ్చింది. ఏ కాలనీ అన్నది ఇక్కడ చెప్పను. చాలా దూరం, అంతే. ఆ రోజు స్వీట్లు పంచుకున్నం. సామాన్లు మార్చుకోవడానికి, ఫ్యాన్లు, అల్మారా పెట్టుకోవడానికి గ్రూపు నుండి 40,000 అప్పు ఇచ్చినం. "పో చెల్లె, ఇంక కిరాయి బాధ లేదు" అని అందరికంటే ముందు అన్నది నేనే.

నాలుగు నెలలు కిస్తీ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కోపంతో ఇద్దరం ఆమె ఇంటికి పోయినం. బస్సు మారి, ఆటో మారి అక్కడ దిగేసరికి మాకే రెండు గంటలు పట్టింది. ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, లెక్క చెప్పింది.

ఆమె కూరగాయలు అమ్ముతది. ఇంతకు ముందు తెల్లవారుజామున బోయిన్‌పల్లి యార్డుకు పోయి మాల్ తెచ్చి, ఏడు గంటలకు మోండాలో కూర్చునేది. ఖర్చులు పోను రోజుకు 500 మిగిలేది. కొత్త ఇంటి నుండి మొదటి బస్సు పట్టుకొని వచ్చేసరికి యార్డులో మంచి మాల్ అయిపోతుంది. మోండాలో కూర్చునేసరికి తొమ్మిది దాటుతుంది. మిగిలేది 300. ఛార్జీలకు రోజుకు 120. నెలకు 25 రోజులు వేసుకున్నా గిరాకిలో 5,000, ఛార్జీల్లో 3,000, మొత్తం 8,000 నష్టం. మిగిలిన కిరాయి 5,000. అంటే సొంతిల్లు వచ్చినంక నెలకు 3,000 బాకీ పడ్డది.

ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "అక్కా, ఇల్లు నాకు వచ్చింది, నా గిరాకి నాతో రాలేదు."

ఇప్పుడు ఆ ఇంటికి తాళం వేసి, మళ్లా మా గల్లీలోనే ఒక గది కిరాయికి తీసుకున్నది. తప్పు ఆమెది కాదు. అప్పు ఇచ్చేటప్పుడు ఈ లెక్క వేయని నాది కూడా కొంత తప్పే. కానీ ఇండ్లు కట్టకముందే ఈ లెక్క వేయవలసినవాళ్లు వేరే ఉన్నరు. వాళ్లకే ఈ నాలుగు మాటలు.

మొదటిది, దూరం. 2023 జూన్ 22న కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇండ్లు ప్రారంభించిన్రు. చాలా పెద్ద పని, మంచి పని. పటాన్‌చెరు, లింగంపల్లి దిక్కు పని చేసేటోళ్లకు ఆ ఇండ్లు దగ్గరే. కానీ మోండా నుండి అక్కడికి ముప్పై కిలోమీటర్లు దాటుతుంది. పొద్దుగాల ఐదింటికి రోడ్లు ఊడ్చే అక్క, మారేడ్‌పల్లిలో నాలుగు ఇండ్లల్ల అంట్లు తోమే అక్క, జనరల్ బజార్ దుకాణం నుండి రాత్రి తొమ్మిదిన్నరకు బయటపడే ఆడపిల్ల – వీళ్లకు అదే ఇల్లు ఎట్ల పనికొస్తది? ఎవరికి ఇల్లు అని అడిగినప్పుడే, ఎక్కడ పని, ఎన్ని గంటలకు పని అని కూడా అడగాలె.

ఈ వివరాలు లేవని అనడానికి లేదు. 2020లో పీఎం స్వనిధి అప్పులు ఇచ్చేటప్పుడు వీధి వ్యాపారుల పేర్లు, అమ్మే జాగా అన్నీ రాసుకున్నరు. ఆ పట్టీ ఒక ఆఫీసులో ఉన్నది, ఇండ్ల దరఖాస్తుల పట్టీ ఇంకో ఆఫీసులో ఉన్నది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

రెండోది, ఉన్న జాగాలోనే కట్టడం. దీనికోసం ఎక్కడికో పోయి చూడనక్కర లేదు. మన బోయిగూడ ఐడీహెచ్ కాలనీ ఉన్నది. అక్కడ కూలిపోయేటట్టున్న పాత ఇండ్లు తీసేసి, అదే జాగాలో 396 ఇండ్లు కట్టిన్రు. 2015 నవంబరు 16న ప్రారంభమైనయి. రాష్ట్రంలో డబుల్ బెడ్‌రూం పథకంలో మొదటివి అవే. వాళ్ల పని మారలేదు, పిల్లల బడి మారలేదు. ఇంకా పాత ముచ్చట చెప్తా. మన యూసీడీ విభాగం హైదరాబాద్‌లో 1967లో మొదలైంది. తర్వాతి ఏండ్లల్ల బస్తీలోనే పట్టాలు ఇచ్చి, బ్యాంకు అప్పు ఇప్పించి, ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకునేటట్టు చేసిన్రు. అంటే ఈ పని మన ఊరికి కొత్త కాదు.

అయితే ఒక షరతు. ఇల్లు కూలగొట్టే ముందు, కట్టేటన్ని రోజులు మేము ఎక్కడ ఉండాలె, కిరాయి ఎవరు కడతరు, ఏ తారీఖుకు తాళం చెవి ఇస్తరు – ఈ మూడూ కాగితం మీద రాసి ఇయ్యాలె. నోటి మాట మీద గోడ కూలగొట్టుకోవద్దు.

మూడోది, కిరాయిదారులు. సొంత జాగా ఉన్నోళ్లకు ఇందిరమ్మ ఇండ్ల పథకంలో 5 లక్షలు ఇస్తున్నరు. సర్కారు జాగాలో ఎన్నో ఏండ్ల నుండి ఉన్నోళ్లకు 2014 డిసెంబరులో వచ్చిన జీవో 58 కింద 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరణ ఉండె. కానీ మోండా చుట్టూ మనలో ఎంతమందికి జాగా ఉన్నది? పది అడుగుల గదిలో కిరాయికి ఉంటున్నం. ఒంటరి మహిళకు, భర్త చనిపోయిన అక్కకు, ఊరి నుండి పనికొచ్చిన ఆడపిల్లకు సొంతిల్లే కావాలని లేదు. మార్కెట్‌కు నడిచిపోయే దూరంలో, మున్సిపాలిటీ కట్టి, మేము మోయగలిగిన కిరాయికి ఇచ్చే గది ఉంటే చాలు. ఇండ్ల ప్లాన్‌లో కిరాయి ఇండ్లకు కూడా ఒక భాగం ఉండాలె.

నాలుగోది, తాళం చెవి ఇచ్చిన తర్వాతి సంగతి. కొల్లూరులో తొమ్మిది, పది, పదకొండు అంతస్తుల బ్లాకులు ఉన్నయి. లిఫ్ట్ ఆగితే మోకాళ్ల నొప్పుల అత్తమ్మ కిందికి ఎట్ల దిగాలె? మోటారు కాలిపోతే పైసలు ఎవరు పెట్టాలె? కట్టడానికి బడ్జెట్ రాసినట్టే నడపడానికి కూడా రాయాలె. నీళ్లు, బస్సు, అంగన్‌వాడీ, బడి, రేషన్ దుకాణం మనుషుల కంటే ముందు అక్కడికి చేరాలె. నెలవారీ మెయింటెనెన్స్ పైసల లెక్క మహిళా సంఘాల చేతికి ఇచ్చి చూడండి. రూపాయి రూపాయి పుస్తకంలో రాసుడు మాకు వచ్చు. ఇంకొక చిన్న మాట: బండి, గంప, తక్కెడ పెట్టుకునే జాగా కింద ఉండాలె. మా ఇంట్లోకి సరుకు కూడా వస్తది మరి.

ఇవన్నీ అడిగే హక్కు మనకు ఉన్నదా? ఉన్నది. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ బస్తీల అభివృద్ధిని, పట్టణ పేదరిక నిర్మూలనను మున్సిపాలిటీల పనుల పట్టీలో పెట్టింది. మూడు లక్షలు, అంతకు మించి జనం ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని కూడా అదే చెప్పింది. మనం పోయి కూర్చొని అడగకపోతే ఆ కమిటీ కాగితం మీదనే ఉంటది.

మా అమ్మ కూడా మోండాలోనే అమ్మింది. హోల్‌సేల్ కూరగాయల వ్యాపారం ఇక్కడి నుండి బోయిన్‌పల్లికి పోయినప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు. ఆటో కిరాయి ఆమె ఖర్చులో కలిసింది, అది ఈ రోజు వరకు పోలేదు. ఇండ్ల విషయంలో అట్ల కావద్దు.

అందుకే సమాఖ్యకు నాది ఒక ప్రతిపాదన. ప్రతి గ్రూపు మీటింగు పుస్తకంలో ఒక పేజీ పెడదాం. సభ్యురాలి పని ఎక్కడ, ఏ టైముకు పోతది, ఇప్పుడు కిరాయి ఎంత, పిల్లలు ఏ బడిలో ఉన్నరు, ఇంట్లో మెట్లు ఎక్కలేనోళ్లు ఉన్నరా – ఈ ఐదు మాటలే. అన్ని గ్రూపులవి కలిపి సమాఖ్య ముద్ర వేసి వార్డు ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుందాం. ఇల్లు మారడానికి అప్పు అడిగిన అక్కతో లీడర్లు కూడా కూర్చొని ఈ లెక్క వేయాలె. నేను వేయలేదు, మీరు వేయండి.

మా చెల్లె ఇప్పుడు వారానికి 500 చొప్పున బాకీ కడుతున్నది. ఇంకా సగం ఉన్నది. గ్రూపు ఆమెను వదిలిపెట్టలేదు. ఆ దూరపు ఇంటి తాళం చెవి మాత్రం ఆమె కూరగాయల గంపలోనే, పైసల సంచిలో ఉంటది. ఎప్పుడన్న ఇక్కడ దగ్గరలో కడితే మార్చి ఇస్తరేమో అని అడుగుతుంటది. ఆమె అడిగిన మాటే ఈ రోజు మన అందరి తరఫున ఇక్కడికి వచ్చిన సార్లను, మేడంలను అడుగుతున్న.